డబ్బు కట్టి క్యూ దాటితే కుటుంబానికి లాభమా?



మామూలుగా ఇక్కడ గుడి గురించి, పండగల గురించి, నాకు అర్థం కాని తెలుగు మాటల గురించి రాస్తుంటాను. ఈసారి ఎయిర్‌పోర్టు గురించి రాస్తున్నాను. మధ్యలో గుడి కూడా వస్తుంది, ఒక తెలుగు మాట కూడా వస్తుంది. అలవాటు పోదు కదా.

పోయిన నెల మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, డిసెంబరులో అందరం హైదరాబాద్ వెళ్తున్నాం కదా. పిల్లలకీ మాకూ గ్లోబల్ ఎంట్రీ తీసుకోమంటావా? ఆయనేమో దండగ అంటున్నారు. నువ్వు గుడిలో నలుగురినీ కనుక్కుని చెప్పు."

ఆదివారం ప్రసాదం వడ్డిస్తూ అడిగాను. పదిమందిని అడిగితే పదకొండు జవాబులు వచ్చాయి. సగం మందికి ప్రీచెక్ వేరు, గ్లోబల్ ఎంట్రీ వేరు అని తెలియదు. ఒకాయనకు క్లియర్, ప్రీచెక్ రెండూ ఒకటే అని గట్టి నమ్మకం. ఒకావిడ "అవన్నీ ఎందుకండీ, వీల్‌చెయిర్ అడిగితే సరి" అంది.

అందుకని ఇంటికి వచ్చి కాగితం, పెన్ను తీసుకుని లెక్క వేశాను. ఆ లెక్క ఇదిగో. చివర నా అభిప్రాయం చెప్తాను. ఆ అభిప్రాయం లెక్కలోంచి మాత్రమే రాలేదు, రెండేళ్ల కింద నేను చేసిన ఒక తప్పులోంచి వచ్చింది. అది కూడా చెప్తాను.

మూడు పేర్లు, మూడు పనులు

ముందు ఏది ఏమిటో విడదీసి చెప్తాను.

ప్రీచెక్ నడిపేది టీఎస్‌ఏ, అంటే ప్రభుత్వం. వేలిముద్రలు ఇస్తారు, వాళ్లు మీ వివరాలు పరిశీలిస్తారు, ఒక నంబరు ఇస్తారు. టికెట్ కొన్నప్పుడు ఆ నంబరు రాస్తే బోర్డింగ్ పాస్ మీద ప్రీచెక్ గుర్తు వస్తుంది. అప్పుడు వేరే లైనులో వెళ్తారు. బెల్టు, పల్చటి జాకెట్ తీయక్కర్లేదు. లాప్‌టాప్ సంచిలోనే ఉండొచ్చు. ఐదేళ్లకు ఫీజు 80 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఏ సంస్థ ద్వారా అప్లై చేస్తే ఆ సంస్థను బట్టి కొంచెం అటూ ఇటూ.

గ్లోబల్ ఎంట్రీ నడిపేది కస్టమ్స్ వాళ్లు. ఇది అమెరికాకు తిరిగి వచ్చినప్పుడు ఇమిగ్రేషన్ దగ్గర పనికొస్తుంది. ఐదేళ్లకు 120 డాలర్లు. 2024 అక్టోబరు దాకా 100 ఉండేది. దీనిలో ప్రీచెక్ కూడా కలిసే వస్తుంది. ముఖాముఖి ఇంటర్వ్యూ ఉంటుంది. ముందస్తు అనుమతి వచ్చాక, విదేశం నుంచి దిగినప్పుడే చాలా ఎయిర్‌పోర్టులలో ఆ ఇంటర్వ్యూ ముగించుకోవచ్చు.

క్లియర్ ఒక ప్రైవేటు కంపెనీ. కళ్లు లేదా ముఖం చూసి మిమ్మల్ని గుర్తుపడుతుంది. ఐడీ చూసే లైను దాటించి ముందుకు తీసుకెళ్తుంది. అంతే. తనిఖీ మామూలు తనిఖీయే. ప్రీచెక్ లేకపోతే బెల్టు తీయాల్సిందే. దీనికి ఏడాదికి 200 డాలర్ల చుట్టుపక్కల. మళ్లీ చదవండి, ఐదేళ్లకు కాదు, ఏడాదికి.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. ప్రీచెక్‌కు అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు మాత్రమే నేరుగా అప్లై చేయగలరు. మనవాళ్లలో ఎంతమంది హెచ్‌-1బి మీద ఉండి గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారో మీకు తెలుసు. వాళ్లకు ఆ దారి లేదు. కానీ 2017 నుంచి భారత పౌరులు గ్లోబల్ ఎంట్రీకి అప్లై చేయవచ్చు. అది వస్తే ప్రీచెక్ దానంతట అదే వస్తుంది. ఇండియా వైపు నుంచి కూడా పరిశీలన ఉంటుంది కాబట్టి ఆలస్యం అవుతుంది, ఓపిక పట్టాలి. గుడిలో నేను అడిగిన కుర్రాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. "మాకు రాదు ఆంటీ" అని వదిలేశారు.

డాలర్ల లెక్క

ఒక కుటుంబం అనుకుందాం. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. మా అమ్మాయి ఇల్లే అనుకోండి.

ప్రీచెక్ ఒక్కటే అయితే పెద్దవాళ్లిద్దరికీ 160 డాలర్లు. 12 ఏళ్లు, అంతకంటే చిన్న పిల్లలు అమ్మానాన్నలతో పాటు ఆ లైనులో వెళ్లొచ్చు, వాళ్లకు ఫీజు లేదు. 160ని ఐదేళ్లతో భాగిస్తే ఏడాదికి 32 డాలర్లు.

గ్లోబల్ ఎంట్రీ అయితే పెద్దవాళ్లిద్దరికీ 240. తల్లికో తండ్రికో ఉంటే, లేదా వాళ్లతో కలిసి అప్లై చేస్తే 18 ఏళ్ల లోపు పిల్లలకు ఫీజు లేదు. ఏడాదికి 48 డాలర్లు పడుతుంది. కానీ ఇక్కడ పిల్లలు అమ్మ కొంగు పట్టుకుని వెళ్లడానికి లేదు. చంటిబిడ్డకు కూడా సొంత సభ్యత్వం ఉండాలి, సొంత ఇంటర్వ్యూ ఉండాలి.

క్లియర్ అయితే పిల్లలు ఉచితంగా వస్తారు. రెండో పెద్దమనిషికి కొంచెం తగ్గిస్తారు. అయినా ఇద్దరికీ ఐదేళ్లకు 1,500 డాలర్లు దాటుతుంది. ఆ డబ్బుతో మా చిన్నప్పుడు పెళ్లి చేసేవారు. సరే, పెళ్లి కాదు, నిశ్చితార్థం.

కొన్ని క్రెడిట్ కార్డులు ప్రీచెక్ లేదా గ్లోబల్ ఎంట్రీ ఫీజును వెనక్కి ఇస్తాయి. మీ కార్డు కాగితాలు ఒకసారి చూడండి. మా అల్లుడి కార్డుకు ఆ సదుపాయం మూడేళ్లుగా ఉంది, ఆయన చూడలేదు. ఇప్పుడు దండగ అనడం లేదు.

డబ్బు అక్కర్లేనివి కూడా ఉన్నాయి. అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు తిరిగి వచ్చినప్పుడు మొబైల్ పాస్‌పోర్ట్ కంట్రోల్ అనే ఆప్ వాడుకోవచ్చు. ఉచితం. ఒకే ఫోనులో ఇంటిల్లిపాది వివరాలు పెట్టవచ్చు. అటు హైదరాబాద్‌లో కూడా 2025 జనవరి నుంచి నమ్మకమైన ప్రయాణికులకు వేగంగా ఇమిగ్రేషన్ చేసే గేట్లు మొదలయ్యాయి. భారత పౌరులకు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్లకు. ముందుగా ఆన్‌లైనులో నమోదు చేసుకోవాలి. దానికీ ఫీజు లేదు. ఇక్కడ 120 డాలర్లు కట్టేవాళ్లు అక్కడ ఉచితంగా ఇచ్చేదాన్ని మరిచిపోతున్నారు.

డబ్బు కట్టినా దొరకనివి

ఇప్పుడు రెండో వైపు చూద్దాం.

మొదటిది, చెప్పులు. నేను అమెరికా వచ్చిన కొత్తలో టికెట్ లేనివాళ్లు కూడా గేటు దాకా వచ్చి పూలగుత్తి ఇచ్చేవారు. 2001 తర్వాత అది పోయింది. ఆ ఏడాది డిసెంబరులో ఒకడు బూటులో బాంబు పెట్టుకుని విమానం ఎక్కాడు. 2006 నుంచి అందరూ బూట్లు విప్పాల్సి వచ్చింది. మనకు గుడి ముందు చెప్పులు విడవడం అలవాటే, కానీ వంగి లేసులు విప్పి, మళ్లీ కట్టడం పెద్దవాళ్లకు నరకం. చాలామంది ప్రీచెక్ కొన్నది బూట్ల కోసమే. 2025 జూలైలో ఆ రూలు తీసేశారు. ఇప్పుడు మామూలు లైనులో కూడా బూట్లు విప్పక్కర్లేదు. అంటే ప్రీచెక్ విలువ కొంత తగ్గింది. పాత సలహాలు ఇచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

రెండోది, ఆవకాయ. ప్రీచెక్ ఉన్నా చేతిసంచిలో ఆవకాయ సీసా వెళ్లదు. నూనె తేలుతున్న పచ్చడి, నెయ్యి, పెరుగు, అన్నీ వాళ్ల లెక్కలో ద్రవాలే. 100 మిల్లీలీటర్లు దాటితే చెత్తబుట్టలోకి. కందిపొడి, కారప్పొడి లాంటివి 350 మిల్లీలీటర్ల కంటే ఎక్కువుంటే విడిగా తీసి చూపించమంటారు. చంటిపిల్లల పాలకు మాత్రం ఏ లైనులోనైనా మినహాయింపు ఉంది.

మూడోది, కరివేపాకు. గ్లోబల్ ఎంట్రీ ఉంటే కస్టమ్స్ అడగదు అనుకోవద్దు. పచ్చి కరివేపాకు తేకూడదు, నిమ్మజాతి చెట్లకు తెగులు వస్తుందని దానికి నిషేధం ఉంది. తినే వస్తువు ఏది తెచ్చినా చెప్పాలి. చెప్పకుండా దొరికితే సభ్యత్వం రద్దు కావచ్చు. వదినగారు ప్రేమతో పెట్టెలో కుక్కిన రెండు రెబ్బల కోసం ఐదేళ్ల కార్డు పోగొట్టుకోవద్దు.

నాలుగోది, మన పేర్లు. ఇది మన సొంత కష్టం. సభ్యత్వంలో పేరు, టికెట్ మీద పేరు, పుట్టిన తేదీ సరిపోలాలి. లేకపోతే బోర్డింగ్ పాస్ మీద గుర్తు రాదు. మన పాస్‌పోర్టులలో ఇంటిపేరు ముందుంటుంది, లేదా వెనకుంటుంది, లేదా ఉండదు. ఒక్కో పేరు గోదావరి అంత పొడుగు. టికెట్ వెబ్‌సైట్లో సగం పేరు మాత్రమే పడుతుంది. డబ్బు కట్టిన నంబరు ఉంది, గుర్తు మాత్రం రాదు. టికెట్ కొన్న రోజే చూసుకోండి, ఎయిర్‌పోర్టులో కాదు. అన్ని విమాన కంపెనీలూ ప్రీచెక్‌లో లేవు, అది కూడా చూసుకోండి.

ఐదోది, 13 ఏళ్ల పిల్లలు. పన్నెండు దాటాక లెక్క మారుతుంది. 13 నుంచి 17 ఏళ్ల పిల్లలు కూడా అమ్మానాన్నలతో రావచ్చు, కానీ అందరూ ఒకే బుకింగులో ఉండాలి, పిల్లల బోర్డింగ్ పాస్ మీద కూడా గుర్తు ఉండాలి. గుర్తు పడకపోతే పిల్లవాడు ఆ లైనుకు, మీరు ఈ లైనుకు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఈ లైన్లన్నీ ఒక్కొక్క మనిషి కోసం కట్టినవి. కుటుంబం అనేది ఒక్క మనిషి కాదు.

ఓపిక

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

నేను ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగాను. బడి అంతా ఇంగ్లిషు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం, కానీ వంటింటి తెలుగు. అక్షరాలు నేర్చుకున్నది 58వ ఏట, గుడిలో ఆదివారం పిల్లల క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని. కాబట్టి చాలా మాటలకు నా దగ్గర ఒక్క అర్థమే ఉంటుంది. ఏ అర్థం ముందు వింటే అదే.

"ఓపిక" అంటే సహనం అనుకున్నాను. ఓపిక పట్టు అంటే తొందరపడకు అని. చిన్నప్పుడు అమ్మ అలాగే అనేది.

2023 వేసవిలో మా అమ్మాయి అత్తగారు విజయవాడ నుంచి వచ్చారు. ఆవిడ నాకంటే నాలుగేళ్లు పెద్ద, అప్పటికి 68. నేను ఆవిడను వదినగారూ అంటాను, ఆవిడ కూడా నన్ను అలాగే పిలుస్తారు. మా ఊరి నుంచి మా అబ్బాయి ఉండే ఊరికి విమానంలో బయల్దేరాం. ఆవిడ, నేను, ఎనిమిదేళ్ల మనవడు. నాకు ప్రీచెక్ ఉంది. మనవడు చిన్నవాడు కాబట్టి నాతో రావచ్చు. ఆవిడకు లేదు.

మామూలు లైను మెలికలు తిరిగి తలుపు దాకా ఉంది. అది చూసి ఆవిడ, "నాకు నిలబడే ఓపిక లేదు వదినగారూ" అన్నారు.

నేను ఏమి విన్నానో తెలుసా? ఆవిడకు సహనం లేదు అని విన్నాను. కొంచెం చిరాకు కూడా వచ్చింది. మనం అందరం నిలబడట్లేదా అనుకున్నాను. నిజానికి నేను నిలబడట్లేదు. నవ్వి, "పది నిమిషాలే వదినగారూ, అవతల కలుద్దాం" అని చెప్పి, మనవడి చెయ్యి పట్టుకుని చిన్న లైనులోకి వెళ్లిపోయాను. ఐదు నిమిషాల్లో బయటపడ్డాను. వాడికి జ్యూస్, నాకు కాఫీ కొన్నాను.

పది నిమిషాలు అయింది. ఇరవై అయింది. నలభై నిమిషాల తర్వాత దూరంగా ఆవిడ కనిపించారు. బూట్లు చేతిలో ఉన్నాయి. ఒక ఉద్యోగిని ఆవిడను పక్కకు నిలబెట్టి ఏదో చెప్తోంది. చేతులు చాపమంటోంది. ఆవిడ చేతులు చాపడానికి బదులు మెడలో మంగళసూత్రాన్ని రెండు చేతులతో పట్టుకుని తల అడ్డంగా ఊపుతున్నారు. గాజులకో, సూత్రాలకో మెషిన్ మోగినట్టుంది. తాళి తీసేయమంటున్నారని ఆవిడ అనుకున్నారు. అక్కడెవరూ ఆ మాట అనలేదు. ఆ ఉద్యోగిని మర్యాదగానే ఉంది. కానీ చెప్పే భాష ఆవిడకు రాదు. ఆవిడ చెప్పే భాష వచ్చిన మనిషి గాజు తలుపు ఇవతల కాఫీ పట్టుకుని నిలబడి ఉంది.

నేను వెనక్కి వెళ్లడానికి వీల్లేదు. చెయ్యి ఊపాను, ఆవిడ చూడలేదు.

చివరికి తనిఖీ అయింది. ఆవిడ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. మోకాళ్లు వణుకుతున్నాయి. కళ్లు తుడుచుకుని, "పర్లేదు వదినగారూ" అన్నారు. అంతే. విమానంలో ఇంకేమీ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేకపోయాను.

ఆ రాత్రి మా అబ్బాయి ఇంట్లో ఆవిడ మంచం మీద కాళ్లు చాపుకుని, కోడలితో "ఓపిక లేదమ్మా, రెండు ముద్దలు పెరుగన్నం చాలు" అన్నారు. అప్పుడు అర్థమైంది. ఓపిక అంటే సహనం ఒక్కటే కాదు. ఒంట్లో శక్తి కూడా ఓపికే. ఆవిడ ఉదయం చెప్పింది కాళ్ల గురించి. నేను విన్నది స్వభావం గురించి.

మీలో చాలామంది నాలాగే పెద్దయ్యాక తెలుగు నేర్చుకుంటున్నారు కాబట్టి చెప్తున్నాను. పెద్దవాళ్లు "ఓపిక లేదు" అంటే నూటికి తొంభై సార్లు అది ఒంటి మాట, మనసు మాట కాదు. ఈ ఒక్క మాట నాకు అప్పుడే తెలిసుంటే నేను ఆ పొడుగు లైనులో ఆవిడ పక్కన నిలబడి ఉండేదాన్ని. ప్రీచెక్ ఉన్నవాళ్లు మామూలు లైనులో వెళ్లకూడదని రూలు ఏమీ లేదు. నన్ను ఎవరూ చిన్న లైనులోకి తొయ్యలేదు. డబ్బు కట్టాను కదా, వాడుకోవాలి అనుకున్నాను.

గుడిలో తాడు

దీనికి రెండు నెలల తర్వాత మా గుడిలో ఒక మీటింగు జరిగింది. వైకుంఠ ఏకాదశి ఏర్పాట్లు. ఆ రోజు తెల్లవారుజామున మా పార్కింగ్ దాకా క్యూ ఉంటుంది. చలి. నా పని తాడు దగ్గర నిలబడి మనుషులను లోపలికి వదలడం. కమిటీలో ఒకరు, "51 డాలర్లకు త్వరిత దర్శనం టికెట్ పెడదాం, కొత్త వంటగదికి డబ్బు వస్తుంది" అన్నారు.

నేను గట్టిగా వద్దన్నాను. దేవుడి ముందు డాలర్ల లైనేమిటి అన్నాను. వెంటనే లెక్కలు చూసే పెద్దాయన నవ్వి, "మీకు ప్రీచెక్ ఉంది కదండీ?" అన్నారు.

అది వేరు అన్నాను. ఇంటికి వచ్చి ఆలోచించాను, నిజంగా వేరా?

కొంత వేరే. ప్రీచెక్‌లో డబ్బు ఒక్కటే కాదు. వేలిముద్రలు తీసుకుంటారు, మీ గురించి ముందే తెలుసుకుంటారు, అందుకని తనిఖీ తేలిక చేస్తారు. దానికి ఒక కారణం ఉంది. క్లియర్‌లో ఆ కారణం కూడా తక్కువే, అక్కడ కొనేది ముఖ్యంగా ముందు నిలబడే చోటు. గుడి టికెట్ కూడా అంతే. దేవుడికి మన వేలిముద్రలు అక్కర్లేదు.

తిరుమలలో ఏమి చేస్తారో మీకు తెలుసు. సర్వదర్శనం ఉచితం. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఉంది. శ్రీవాణి ట్రస్టుకు 10,000 ఇచ్చినవాళ్లకు బ్రేక్ దర్శనం ఉంది. కాబట్టి మన దగ్గర డబ్బు లైను లేదు అని నేను గొప్పలు చెప్పలేను. కానీ అక్కడ ఇంకొకటి కూడా ఉంది. 65 ఏళ్లు దాటిన పెద్దలకు, దివ్యాంగులకు, ఏడాది లోపు పసిపిల్లలను ఎత్తుకుని వచ్చే తల్లిదండ్రులకు డబ్బుతో పని లేకుండా వేరే ప్రవేశం ఉంది. ఎవరికి ఓపిక లేదో వాళ్లను ముందు పంపాలి అన్న సంగతి ఆ ఏర్పాటు చేసినవాళ్లకు తెలుసు. నాకే తెలియలేదు.

అమెరికా ఎయిర్‌పోర్టులలో 2025లో కొన్నిచోట్ల కుటుంబాలకు వేరే లైన్లు మొదలుపెట్టారు. మంచిదే. అన్నిచోట్లా వస్తే ఈ వ్యాసం రాయక్కర్లేదు. అప్పటిదాకా చంటిపిల్లల తల్లి క్యూ మధ్యలో ఉంటుంది, ఒంటరిగా చిన్న సంచితో తిరిగే ఉద్యోగి ముందు వెళ్లిపోతాడు. ఓపిక ఉన్నవాడే ఓపిక కొనుక్కుంటున్నాడు.

మా గుడిలో చివరికి టికెట్ పెట్టలేదు. పెద్దవాళ్లకు నంబరు చీటీ ఇచ్చి హాల్లో కుర్చీలు వేశాం. నంబరు పిలిచినప్పుడు లేచి వస్తారు. వంటగది డబ్బు పులిహోర అమ్మి తెచ్చాం. ఇంకా సగం కావాలి.

మా అమ్మాయికి చెప్పిన జవాబు

"తీసుకో" అన్నాను. కానీ దానితో పాటు ఐదు మాటలు చెప్పాను.

ఒకటి. రెండేళ్లకు ఒకసారైనా ఇండియా వెళ్లే ఇల్లయితే గ్లోబల్ ఎంట్రీ తీసుకోండి, నలుగురికీ. ముగ్గురికి తీసుకుని ఒకరిని వదిలితే డబ్బు దండగ. ఇరవై గంటల ప్రయాణం తర్వాత నిద్రపోతున్న పిల్లలను భుజాన వేసుకుని ఇమిగ్రేషన్ దగ్గర గంట నిలబడిన వాళ్లకు ఏడాదికి 48 డాలర్లు ఎక్కువ కాదు. ఇండియా వెళ్లడం మూడు నాలుగేళ్లకు ఒకసారే అయితే ఉచితమైన ఆప్ చాలు.

రెండు. ఇండియా ప్రయాణం లేదు, ఇక్కడిక్కడే ఏడాదికి రెండు మూడు సార్లు ఎగిరేవాళ్లయితే ప్రీచెక్ చాలు. ఏడాదికి ఒక్కసారే అయితే ఏదీ వద్దు. అరగంట ముందు ఇల్లు కదలండి. అది ఉచితం. మనవాళ్లకు అన్నిటికంటే కష్టం కూడా అదే అనుకోండి.

మూడు. క్లియర్ కుటుంబానికి వద్దు. ప్రతి వారం ఉద్యోగం మీద తిరిగేవాళ్లు వాళ్ల ఆఫీసుతో కట్టించుకోవచ్చు.

నాలుగు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో ప్రయాణం చేస్తుంటే, కార్డు లేనివాళ్లతో కార్డు ఉన్నవాళ్లలో ఒక పెద్దమనిషి నిలబడాలి. తప్పదు. తనిఖీ కోసం పక్కకు పిలిస్తే ఆడవాళ్లను ఆడవాళ్లే తనిఖీ చేస్తారని, తాళి తీయమనరని, కావాలంటే వేరే గదిలో చేయమని అడగవచ్చని, తోడు ఒకరు ఉండవచ్చని ముందే ఇంట్లో తెలుగులో చెప్పండి. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బులు ఉన్నవాళ్ల గురించి టీఎస్‌ఏ కేర్స్‌కు 72 గంటల ముందు ఫోన్ చేయండి. దానికి కూడా ఫీజు లేదు.

వీల్‌చెయిర్ సంగతి కూడా అడిగారు కాబట్టి చెప్తాను. నిలబడే ఓపిక లేనివాళ్లు సిగ్గుపడకుండా అడగండి. అది వాళ్ల హక్కు, విమాన కంపెనీ డబ్బు తీసుకోకూడదు. భాష రాక భయపడి అడిగేవాళ్లను నేను తప్పు పట్టను. కానీ భాష వచ్చిన మనం పక్కన ఉంటే చాలామందికి అది అక్కర్లేదు.

ఐదు. వేలిముద్రలు ఇవ్వడం ఇష్టం లేనివాళ్లను వెక్కిరించకండి. అది కూడా ఒక ధరే. కొందరికి 120 డాలర్ల కంటే అదే ఎక్కువ.

అమ్మాయి అంతా విని, "అమ్మా, డిసెంబరులో వచ్చేటప్పుడు అత్తయ్య కూడా మనతో వస్తున్నారు. ఆవిడకు కార్డు లేదుగా, మరి?" అంది.

"మీరు పిల్లలతో ముందు వెళ్లండి. నేను, వదినగారు వెనకాల వస్తాం" అన్నాను.

మధ్యలో ఇంకో విమానం మారాలి, అక్కడ ఎంత లైను ఉంటుందో నాకు తెలియదు. గంటన్నర అయినా సరే. చేతిసంచిలో రెండు మజ్జిగ మిరపకాయలు, కాసిని జంతికలు పెట్టుకుంటాను. లైనులో నిలబడి ఆవిడను అడగాల్సిన తెలుగు మాటలు ఒక పేజీ నిండా రాసి పెట్టుకున్నాను.